ఢిల్లీని రాష్ట్రం అడిగే ప్రశ్నే, రాష్ట్రాన్ని ఊరు అడిగితే?

బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ మన రాష్ట్ర నాయకులు ఢిల్లీ వైపు తిరిగి ఒకే మాట అంటారు: మా దగ్గర వసూలు చేసిన పన్నుల్లోంచి మాకు రావలసింది అడిగితే, దయతలచి ఇస్తున్నట్టు ఇస్తున్నారని. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఈ మాట మారదు. 1983లో ఎన్.టి. రామారావు దేశంలోని ప్రతిపక్ష నాయకులను విజయవాడకు పిలిచి కేంద్రం పెత్తనాన్ని ప్రశ్నించారు. అదే ఏడాది కేంద్ర రాష్ట్ర సంబంధాలపై సర్కారియా కమిషన్ ఏర్పడింది. నలభై ఏళ్లు దాటినా ఆ ఫిర్యాదులో న్యాయం అలాగే ఉంది.

అయితే సింగరాయకొండ మండలంలోని పాకల, ఊళ్ళపాలెం, కనుమళ్ల వంటి ఏ పంచాయతీ సర్పంచ్ అయినా అమరావతి వైపు తిరిగి అక్షరం మార్చకుండా అదే మాట అనవచ్చు. ఢిల్లీలో హక్కుల గురించి మాట్లాడే రాష్ట్రం, ఊరి దగ్గరకు వచ్చేసరికి తానే ఢిల్లీ అయిపోతుంది. ఈ వారం మనం చూడవలసింది ఈ వైఖరినే.

సంఘ పత్రికలో ఈ లెక్కలెందుకని కొందరు పెద్దలు అడగవచ్చు. మన సంఘాల్లో ఎక్కువ భాగం పల్లెల్లో, పాలెంలలో ఉన్నాయి. ఆదివారం మందిరానికి వెళ్లే సిమెంటు రోడ్డు, దాని పక్కన పారే మురుగు కాలువ, క్రిస్మస్ వారంలో గుర్తొచ్చే వీధి దీపం, ఇంటి ముందు కుళాయి పంచాయతీ బాధ్యతలు. చివరికి మన వారిని పడుకోబెట్టే సమాధుల స్థలం, అక్కడికి పోయే దారి కూడా అంతే. వానాకాలంలో శవపేటికను మోకాలి లోతు బురదలో మోసిన పల్లెలకు పంచాయతీ నిధి అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర్లేదు.

ముందు పై మెట్టు సంగతి. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాల వాటా ఎంతో అయిదేళ్లకొకసారి ఆర్థిక సంఘం తేలుస్తుంది. వై.వి. రెడ్డి అధ్యక్షతన పనిచేసిన 14వ ఆర్థిక సంఘం ఆ వాటాను 42 శాతానికి పెంచింది. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన 15వ సంఘం 41 శాతం చేసింది. జమ్మూ కశ్మీర్ రాష్ట్ర హోదా పోయి కేంద్రపాలిత ప్రాంతం కావడం ఆ ఒక్క శాతం తగ్గడానికి కారణం. ఆ 41 శాతంలో ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది 4.047 శాతం. అంతకు ముందు 4.305 శాతం ఉండేది. జనాభా లెక్కకు 1971 బదులు 2011ను తీసుకోవడం, కుటుంబ నియంత్రణ పాటించిన దక్షిణాది రాష్ట్రాలకు నష్టమన్న వాదన మీరు వినే ఉంటారు. ఆ నష్టాన్ని పూడ్చడానికి జనాభా అదుపుకు కొన్ని మార్కులు ఇచ్చినా మన వాటా తగ్గిన మాట నిజం.

ఇంతకంటే లోతైన ఇబ్బంది సెస్సులు, సర్‌చార్జీలది. రాజ్యాంగం ప్రకారం వీటిలో రాష్ట్రాలకు వాటా లేదు. మన సంఘాల భాషలో చెప్పుకుందాం. ఆదివారం కానుకలో ఇంత భాగం అసోసియేషన్‌కు పంపాలని అందరూ కలిసి తీర్మానించుకున్నారనుకోండి. కోశాధికారి గారు కానుక పళ్లెం పక్కనే ‘ప్రత్యేక అవసరాలు’ అని ఇంకో పెట్టె పెట్టి, అందులో పడినదాన్ని ఎవరితోనూ పంచుకోనవసరం లేదంటే? మొదట ఏడాదికొకసారి పెట్టిన పెట్టె మెల్లగా ప్రతి ఆదివారం కనిపిస్తే? తీర్మానం చెక్కుచెదరదు. పంపే డబ్బు మాత్రం తగ్గుతుంది. పెట్రోలు, డీజిలు మీద కేంద్రం వేసే సుంకంలో అధిక భాగం ఈ రెండో పెట్టెలోకే పోతుంది. మన ఆటో కుర్రవాడు బంకులో పోయించుకునే ప్రతి లీటరులోనూ ఆ పెట్టె ఉంది.

ఇక కింది మెట్టు. 1959లో రాజస్థాన్ తర్వాత పంచాయతీరాజ్‌ను ప్రవేశపెట్టిన రెండో రాష్ట్రం మనదే. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 అంశాల జాబితా చూపించింది. ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం రాష్ట్ర శాసనసభ ఇష్టానికి వదిలింది. అసలు చిక్కు అక్కడే ఉంది. రాష్ట్రానికి రావలసిన వాటా రాజ్యాంగం రాసిపెట్టిన హక్కు. పంచాయతీకి వచ్చేది రాష్ట్రం మనసు. ఆ మనసుకు కళ్లెం వేయడానికి అయిదేళ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలని అదే సవరణ చెప్పింది. మొదటిది 1994కల్లా ఏర్పడి, ఆ తర్వాత గడువులు తప్పకుండా ఉంటే 2023 నాటికి ఆరవది నడుస్తూ ఉండాలి. 2023లో మన రాష్ట్రం వేసింది ఐదవది. కేంద్ర ఆర్థిక సంఘం నివేదిక ఒక నెల ఆలస్యమైతే సచివాలయంలో ఎంత హడావుడి ఉంటుందో తలచుకుంటే ఈ తాపీ అర్థమవుతుంది.

దేశవ్యాప్తంగా పంచాయతీల ఆదాయాన్ని పరిశీలించి రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. పంచాయతీలు సొంత పన్నుల ద్వారా సంపాదించేది మొత్తం రాబడిలో దాదాపు ఒక్క శాతమే. సుమారు 80 శాతం కేంద్రం గ్రాంటు, 15 శాతం రాష్ట్రం గ్రాంటు. అంటే నూటికి తొంభై అయిదు రూపాయలు ఎవరో పంపితే వచ్చేవే. పంపినవాడు షరతు పెడతాడు. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.2,36,805 కోట్లు సిఫారసు చేసి, అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలంది. మిగిలిన 40 శాతమే ఊరు తన అవసరం చూసుకుని ఖర్చుపెట్టుకునేది.

ఆ కాస్తా ఎలా పోయిందో 2021 చివర్లో చూశాం. ఆ ఏడాది ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా ఎన్నికలు జరిగి, ఏప్రిల్‌లో కొత్త సర్పంచులు బాధ్యతలు తీసుకున్నారు. నవంబరు నాటికి చాలా పంచాయతీల ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులు ఖాళీ అయ్యాయి. విద్యుత్ పంపిణీ సంస్థలకు ఉన్న బకాయిల కింద రాష్ట్ర ప్రభుత్వం వాటిని సర్దుబాటు చేసింది. బకాయిలు అబద్ధం కాదు. వీధి దీపాలు, నీటి మోటార్లు కరెంటుతోనే నడుస్తాయి, ఆ బిల్లు ఎవరో ఒకరు కట్టాలి. ప్రభుత్వం చెప్పిన ఈ సమాధానంలో కొంత పస ఉంది. కానీ ఎంత బకాయి, ఎప్పటిది, ఈ నెల మోటారు బాగుచేయించాలా లేక పాత బిల్లు కట్టాలా అన్నది తీర్మానించవలసింది పంచాయతీ. తీర్మానం లేకుండా, ముందుగా మాట కూడా చెప్పకుండా డబ్బు తీసుకోవడాన్ని ఏ సంఘంలోనైనా ఏమంటారో వేరే చెప్పాలా? సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు. ఆర్థిక సంఘం నిధులకు పంచాయతీలు వేరుగా బ్యాంకు ఖాతాలు తెరవాలని ఆ తర్వాత కేంద్రం పట్టుబట్టింది. పాపం, ఊరి డబ్బును రాష్ట్రం నుంచి కాపాడడానికి ఢిల్లీ రావలసి వచ్చింది.

ఒక పార్టీని నిందించి చేతులు దులుపుకునే విషయం కాదిది. అంతకు ముందటి పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. అప్పుడు అధికారంలో ఉన్నది వేరే పార్టీ. ఎన్నికలు పెట్టకుండా ప్రత్యేకాధికారులను వేశారు. 2019లో ప్రభుత్వం మారింది, ఎన్నికలు మాత్రం 2021 దాకా జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో కేంద్రం గ్రాంటు ఆగింది. రెండున్నరేళ్ల పాటు ఊళ్లకు నాయకుడు లేడు, నిధి లేదు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు పింఛన్లు, ధ్రువపత్రాల పనిని గుమ్మం దగ్గరకు తెచ్చాయి. ముసలివాళ్లకు మేలు జరిగింది, కాదనలేం. కాని అక్కడి ఉద్యోగులు జవాబు చెప్పేది పై అధికారికి, సర్పంచ్‌కు కాదు. ఊళ్లో రెండు ఆఫీసులు వెలిశాయి, జీతాలూ కంప్యూటర్లూ ఉన్నది ఒకటి, ఓట్లు వేయించుకున్నది ఇంకొకటి.

2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టించింది. స్వాతంత్ర్య దినం, గణతంత్ర దినం జరుపుకోవడానికి చిన్న పంచాయతీకి ఇచ్చే సొమ్మును రూ.100 నుంచి రూ.10,000కు, పెద్ద పంచాయతీకి రూ.250 నుంచి రూ.25,000కు పెంచింది. మంచిదే. అయితే ఇన్ని దశాబ్దాలపాటు జెండా పండుగ నాడు పిల్లలకు బిళ్లలు పంచడానికి ఒక ఊరికి వంద రూపాయలు లెక్కగట్టారన్నది చూస్తే, పంచాయతీని పైవాళ్లు ఏ కంటితో చూశారో తెలిసిపోతుంది.

పంచాయతీకి సొంత రాబడి లేకపోలేదు. ఇంటి పన్ను, కుళాయి రుసుము ఉన్నాయి. ఊళ్లో స్థలం చేతులు మారితే రిజిస్ట్రేషన్ మీద వచ్చే సర్‌చార్జీ, ఇసుక, కంకర వంటి ఖనిజాల మీద సీనరేజి వాటా ఉన్నాయి. జాతీయ రహదారీ రైలు స్టేషనూ ఉన్న సింగరాయకొండ వంటి చోట ప్లాట్ల బేరాలకు కొదవుండదు. ఇబ్బంది ఏమిటంటే, మొదటి రెండూ పంచాయతీ చేతికి వస్తాయి, తర్వాతి రెండూ రాష్ట్ర శాఖల చేతుల మీదుగా రావాలి. పంచాయతీ తన ఖాతాలో సొమ్ము కనబడుతున్నా ట్రెజరీలో బిల్లు పాస్ కాక నెలలు ఎదురుచూసిన సందర్భాలు రాష్ట్రమంతటా ఉన్నాయి. మరోవైపు ఇంటి పన్ను గట్టిగా అడిగే సర్పంచ్‌కు వచ్చే ఎన్నికల్లో ఓటు పడదని భయం. మనమూ పన్ను కట్టడానికి వెనకాడతాం. కట్టనివాడికి లెక్క అడిగే నోరు ఉండదు.

ఇప్పుడు ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకంలో కూలి డబ్బు మొత్తం కేంద్రానిది, సామగ్రి ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రానిది. 2025 డిసెంబరులో కేంద్రం దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. పని దినాలు 125కు పెరిగాయి. కాని మనవంటి రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలి, ఏ రాష్ట్రానికి ఎంత కేటాయింపో కేంద్రం నిర్ణయిస్తుంది. ఖర్చు కిందికి దిగింది, నిర్ణయం పైకి ఎక్కింది. అప్పుల్లో ఉన్న రాష్ట్రం ఆ 40 శాతం ఎక్కడి నుంచి తెస్తుందన్నది పొగాకు బ్యారన్లలో, మిరప కోతల్లో పని అయిపోయాక ఉపాధి పలుగు పట్టే మన అక్కచెల్లెళ్ల ప్రశ్న. 1876-78 కరువులో క్లౌ దొర గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిన సంగతి ఒంగోలు ప్రాంత సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. డబ్బు మద్రాసు ప్రభుత్వానిది. ఎవరిని పనిలో పెట్టుకోవాలో చూసింది మాత్రం ఆకళ్లను కళ్లారా చూస్తున్నవాడు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. గ్రామం అంటే అజ్ఞానానికీ, సంకుచితత్వానికీ, వర్గ విభేదాలకూ గూడు అని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించారు. మన పాలెంలకు ఆ హెచ్చరిక పుస్తకంలో విషయం కాదు. ఊరి నడిబొడ్డున రెండోసారి సిమెంటు రోడ్డు పడి, పాలెంలో మొదటిది కూడా పడని చోట్లు మనకు తెలుసు. రిజర్వు స్థానంలో గెలిచిన సర్పంచ్ కుర్చీ పక్కన నిలబడి ఉంటే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చునే ఊళ్లూ తెలుసు. అందుచేత డబ్బు ఊరికి చేరితే చాలు, అంతా చక్కబడుతుందని ఈ పత్రిక చెప్పదు. కాని డబ్బు అమరావతిలో ఉంటే పాలెంకు న్యాయం జరుగుతుందా? అక్కడ మన మాట వినిపించేది ఎమ్మెల్యే గారి సిఫారసు దొరికితేనే. సర్పంచ్ అన్యాయం చేస్తే రేపు పొద్దున టీ కొట్టు దగ్గర నిలదీయవచ్చు. 1996లో కేరళ తన ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు కేటాయించినప్పుడు, దళితుల అభివృద్ధికి వేరే పద్దు కూడా పెట్టింది. డబ్బు దించడం, దానికి కంచె వేయడం రెండూ ఒకేసారి చేయవచ్చని అక్కడ కనబడింది.

మన సంఘాల్లో లెక్కలు చదవగలిగినవారు ఉన్నారు. ఏటా సంఘ కూడికలో జమాఖర్చులు వినిపించే కోశాధికారులు, పొదుపు సంఘాల పుస్తకాలు రాసే స్త్రీలు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఉన్నారు. ప్రతి పంచాయతీ ప్రణాళిక, ఖర్చు ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో ఎవరైనా ఫోనులో చూడవచ్చు. వచ్చే గ్రామసభకు మూడు సంగతులు రాసుకుని వెళ్లండి: ఈ ఏడాది ఆర్థిక సంఘం నుంచి మన ఊరికి వచ్చింది ఎంత, రిజిస్ట్రేషన్ సర్‌చార్జీ కింద రాష్ట్రం దగ్గర ఆగింది ఎంత, అందులో పాలెంకు ఖర్చయింది ఎంత. మొదటి ప్రశ్నకు కార్యదర్శి దగ్గర జవాబు ఉంటుంది. రెండోదానికి సర్పంచ్ గారే మీతో కలిసి మండలాఫీసుకు వస్తారు. మూడోది అడిగేటప్పుడు మాత్రం నలుగురు కలిసి వెళ్లడం మంచిది.