చెయ్యి పడిపోలేదు బావా, రోడ్డే మారింది!

సినిమా వేగం మారిస్తే ఏమవుతుందో మన పాఠకులకి వేరే చెప్పాలా! మూకీల నాటి రీలుని టాకీ ప్రొజెక్టరుకెక్కిస్తే హీరోగారు పెళ్లిచూపులకి కూడా పరుగెత్తుకుంటూనే వస్తాడు. వీడియో గేములకీ ఇదే గొడవ ఉందంటే మాత్రం మా బావ నమ్మలేదు.

మొన్న ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోట వెళ్లాను. చుట్టాలింట్లో కుర్రాళ్లు సెల్‌ఫోనులో 'రోడ్ ఫైటర్' ఆడుతున్నారు. ఎమ్యులేటరన్నమాట... అంటే పాత యంత్రం వేషం కట్టే కొత్త ప్రోగ్రాం. చిన్నప్పుడు క్యాసెట్ గేములో ఈ ఆటకి మా బావ సిల్వర్ జూబిలీ హీరో! ఇప్పుడేమో మొదటి రోడ్డే దాటలేక మూడుసార్లు కారు పేల్చుకున్నాడు. కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. "నలభై దగ్గరపడ్డాయి, చెయ్యి పడిపోయిందిరా" అంటూ ఫోను పక్కన పడేశాడు. మొహం చూస్తే జాలేసింది.

అసలు సంగతేమిటంటే... కోనామీ వాళ్లు ఈ ఆటని 1985లో జపాన్‌లో నింటెండో ఫామికామ్ కోసం తెచ్చారు. అక్కడి టీవీ సెకనుకి 60 సార్లు బొమ్మ గీస్తుంది. బొమ్మ గీసినప్పుడల్లా ఆట కారుని కాస్త ముందుకి జరుపుతుంది. మనది పాల్ పద్ధతి (పాలూ నీళ్లూ కాదండోయ్, టీవీ పద్ధతి!). 1982లో దూరదర్శన్ రంగులేసుకున్నదీ ఇందులోనే. సెకనుకి 50. మన బజార్లో దొరికిన క్యాసెట్ గేములు చాలామటుకు ఫామికామ్‌కి అనుమతిలేని నకళ్లు. జపాన్ ఆటనే తెచ్చి పాల్ టీవీ మీద ఆడించేవి. అంచేత కారు ఆరోవంతు నెమ్మదించేది, సంగీతమూ సాగేది.

విచిత్రమేమిటంటే సినిమాకి ఇది తిరగబడుతుంది! సెకనుకి 24 ఫ్రేముల సినిమాని పాల్ టీవీకి 25 చేసి వేస్తే 150 నిమిషాల బొమ్మ 144కే అయిపోతుంది, పాట శ్రుతి కాస్త పెరుగుతుంది.

'సూపర్ మారియో కార్ట్' వీరులు ఈనాటికీ 50 వాళ్ల రికార్డులు వేరు, 60 వాళ్లవి వేరుగా రాసుకుంటారు. మా బావకి మాత్రం ఆ న్యాయం ఎవరు చేస్తారు?

నేను ఫోను తీసుకుని ఎమ్యులేటర్ సెట్టింగుల్లోకి వెళ్లాను. ఎన్.టి.ఎస్.సి. అంటే జపాన్, అమెరికా. పాల్ అంటే యూరప్ నింటెండో. మూడోది డెండీ... 1992లో రష్యాలో అమ్మకానికొచ్చిన నకలు పేరది. 50 బొమ్మల నకళ్ల తీరు దానిదే. అది నొక్కి బావ చేతికిచ్చాను. మూడో రోడ్డు దాకా వెళ్లాడు!

"అసలుది 60దే కదా అన్నయ్యా" అన్నాడొక కుర్రాడు. తయారుచేసినవాళ్లకి అసలుది 60దే, ఒప్పుకుంటాను. కానీ మన ఊళ్లలో లక్షణంగా ఆడిందీ, పందేలు కాసిందీ 50 మీద. దాన్ని నకలని కొట్టిపారేస్తే ఎలా? పైగా జపాన్ క్యాసెట్లని దాచేవాళ్లు బోలెడుమంది. మన బజారు పెట్టెలు కొల్లేటి చెమ్మకి అటకల మీద తుప్పుపడుతున్నాయి. మీ ఇంట్లో ఉంటే పాతసామాన్లవాడికి వెయ్యకండి. పాత పాల్ టీవీ కూడా ఉందా? అయితే మరీ మంచిది. అడాప్టరు వైరు చితికిందేమో చూసుకుని మరీ పెట్టండి.