శనివారము ఆగిపోయే కంప్యూటరు



హరిశ్చంద్రపురము మొదలుకొని టెక్కలి, పలాస, ఉద్దానపు తీరము వరకు అనేక మందిరములలో ఇప్పుడొక కంప్యూటరు ఉన్నది. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, ఆదివారపు పాటలు అన్నీ దానిలోనే. దానిని చూచుకొను యౌవనస్థులు మాతో చెప్పే మాట ఒకటే: "అయ్యగారూ, బాగానే నడుస్తాది. ఉన్నపాటున బిగుసుకుపోతాది. కాసేపటికి మళ్ళీ మామూలే."

ఎప్పుడూ ఉండే జబ్బు కంటే వచ్చి పోయే జబ్బును పట్టుకొనుట కష్టము. షాపుకు తీసికొని వెళ్ళిననాడు అది కనిపించదు. అప్పుడు "ఫార్మాట్ చేసేద్దాం" అంటారు. రిజిస్టర్లకు నకలు తీయక ముందు దీనికి ఒప్పుకొనవద్దు. నెహెమ్యా కూడా గోడ కట్టుటకు ముందు రాత్రివేళ వెళ్ళి దానిని పరిశీలించెను గదా!

కంప్యూటరు ఆగిన ప్రతిసారి గంట ఎంతయినది, ఏ పనిలో ఉన్నారు అన్నది ఒక చీటీ మీద వ్రాయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు తెరచుకొనును. సీపీయూ, మెమరీ, డిస్క్ అను మూడింటిలో ఏది 100 శాతమునకు చేరుచున్నదో చూడండి.

చీటీలో అన్నీ శనివారములే ఉన్నవా? అయితే భయము లేదు. వారమంతా మూసియుంచి, శనివారము సాయంత్రము పాటలు టైపు చేయుటకు మాత్రమే తెరచుచున్నాము. విండోస్ తన బకాయి పనులు, అనగా అప్‌డేట్లు, వైరస్ తనిఖీ, అన్నీ అప్పుడే మొదలుపెట్టును. శుక్రవారము రెండు గంటలు తెరచి, ఇంటర్నెట్టు కలిపి, దాని మానాన దానిని వదిలివేయండి. పైసా ఖర్చు లేదు.

మధ్యాహ్నపు ఎండలోనే ఆగుచున్నదా? ఫ్యానుకు దుమ్ము పట్టియుండవచ్చును. వేడెక్కిన ప్రాసెసరు తన్ను కాపాడుకొనుటకు తానే వేగము తగ్గించుకొనును. ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో శుభ్రము చేయండి. మెమరీ నిండుచున్నచో తెరచిన వాటిలో అక్కరలేనివి మూయండి.

డిస్క్ 100 శాతము చూపుచు, పని మాత్రము సాగక, లోపల టిక్కు టిక్కుమను శబ్దము వచ్చుచున్నచో అది వేరు సంగతి. చెడిన చోటును హార్డ్ డిస్కు మరల మరల చదువ ప్రయత్నించుచున్నది. అంతవరకు తక్కిన పనులన్నీ ఆగవలసినదే. అటువంటి డిస్కు ఏ రోజైనా పోవచ్చును. వలస వెళ్ళిన మన పిల్లలు పదేళ్ళ తరువాత వివాహపు పత్రము కొరకు వచ్చినప్పుడు ఏమి చూపెదము? మరే పనీ పెట్టుకొనక ఆ రోజే రిజిస్టర్లను రెండు పెన్ డ్రైవులలోనికి ఎక్కించండి. డిస్కు మార్చుట ఆ తరువాత.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానములో ఎన్ని పైకప్పులు ఎగిరిపోయినవో మీకు తెలియును. కనుక ఒక పెన్ డ్రైవు మందిరములో, మరియొకటి వేరొక ఊరి సంఘపెద్ద ఇంట ఉంచండి. చేతితో వ్రాసిన పాత రిజిస్టర్లను మాత్రము పారవేయవద్దు.