చుక్క మింగేసిన వాక్యం

"ఫార్మాటింగ్ కరెక్షనా? దానికి ఇంజనీరింగ్ చదవల్లనా?" ఈ మాట మన క్లాసుల్లో తరచూ వినపడేదే. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడ్ పంపితే గొప్ప, మాన్యువల్ పేజీలో ఒక గుర్తు సరిచేస్తే టైంపాస్ అని లెక్క. ఆ లెక్క తప్పని నా వాదన. దానికి యూనిక్స్ షెల్ మాన్యువల్ పేజీనే సాక్ష్యంగా పెడతాను.

టెర్మినల్‌లో మ్యాన్ బాష్ అని కొడితే వచ్చే పేజీని చూడనివాళ్లు లేరు. రెండు స్క్రీన్లు కిందికి పోయి, క్యూ నొక్కి బయటపడనివాళ్లూ తక్కువే. 1971 నవంబరులో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తొలి యూనిక్స్ మాన్యువల్ తెచ్చారు. పేరు, వాడే పద్ధతి, వివరణ, చివర్లో తెలిసిన లోపాలు అనే వరస అప్పటిదే, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఈ పేజీలు మన లాప్‌టాప్‌లోనే ఉంటాయి, నెట్ అక్కర్లేదు. పెద్దపంజాణి పక్క పల్లెలో సిగ్నల్ అందక, అడగడానికి సీనియర్ కూడా లేక కూర్చున్న పిల్లోడికి ఆ పేజీయే సారు. సారు తప్పు చెబితే వాడికి ఇంకో దిక్కు లేదు.

ఆ పేజీలో అచ్చు సోకు కోసం కాదు, అదే వ్యాకరణం. లావు అక్షరం అంటే ఉన్నదున్నట్టు కొట్టు. వాలు అక్షరం అంటే దాని బదులు నీది పెట్టు. చదరపు బ్రాకెట్ అంటే పెట్టినా సరే, మానినా సరే. మామూలు కమాండ్లకు దీంతో ఇబ్బంది లేదు. షెల్ దగ్గరే వస్తుంది చిక్కంతా, ఎందుకంటే షెల్‌లో [ అనేదే ఒక కమాండ్. పేజీలో [ కనబడితే అది కొట్టాల్సిందా, వదిలేయగల భాగానికి గుర్తా? కేస్ వాక్యం రాసే పద్ధతిలో అయితే బ్రాకెట్ల మధ్య నిలువు గీత | ఉంటుంది. గీత కొట్టాలి, బ్రాకెట్లు కొట్టకూడదు. ఈ తేడా చెప్పగలిగేది అక్షరం లావు ఒక్కటే. అది తప్పితే అర్థమే తప్పింది.

ఇంకో వింత చూడండి. ఈ పేజీలు రాసేది రాఫ్ అనే పాత అచ్చు భాషలో. అందులో చుక్కతో మొదలయ్యే వరుసను ప్రోగ్రాం తనకిచ్చిన ఆజ్ఞ అనుకుంటుంది. ఆ పేరుతో ఆజ్ఞ ఏదీ లేకపోతే వరుసను వదిలేసి ముందుకు పోతుంది. షెల్‌లోనేమో చుక్కే ఒక కమాండ్, ఇంకో ఫైల్లోని ఆదేశాలను ఇక్కడే నడిపేది. దాని గురించి రాసిన వరుస చుక్కతో మొదలైందంటే, చుక్క ఆ వరుసనంతా మింగేస్తుంది. చదివేవాడికి అక్కడ ఏదో ఉండిందనే తెలియదు. దీనికి మందు వరుస ముందు \& పెట్టడం. రెండంటే రెండు గుర్తులు.

హైఫన్ కథ అందరికీ తగిలిందే. కీబోర్డు మీద ఉన్న గీత అక్షరాల పట్టికలో 45వది. అచ్చులో పదాలను కలిపే అసలు హైఫన్ యూనికోడ్‌లో 8208వది. కంటికి రెండూ ఒకటే. పేజీ రాసేవాళ్లు ఆప్షన్ ముందు \- అని రాయాలి, కానీ చాలామంది ఉత్త గీత పెట్టి వదిలేశారు. అన్నాళ్లూ గ్రాఫ్ అనే అచ్చు ప్రోగ్రాం సర్దుకుపోయింది. 2023లో 1.23 వెర్షన్ సర్దుకోవడం మానేసింది. పేజీలోని ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ను కాపీ చేసి పేస్ట్ చేస్తే, అలాంటి ఫైలు లేదని సమాధానం. డెబియన్ లాంటివాళ్లు పాత పద్ధతినే మళ్లీ పెట్టుకుని గండం గట్టెక్కారు. అసలు మందు మాత్రం పేజీ పేజీనా కూర్చుని గీతలు దిద్దడమే.

తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. అరసున్న రాసే రోజుల్లో ‘వాఁడు’ అంటే అతను, ‘వాడు’ అంటే ఉపయోగించు. తేడా అర చుక్కే. ప్రూఫు దిద్దేవాళ్లను పండితులు చిన్నచూపు చూడలేదంటే కారణం అదే.

ఎదుటి పక్షానికీ న్యాయం ఉంది. 2020 అక్టోబరులో హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ టీషర్టు కోసం రీడ్‌మీ ఫైళ్లలో ఒక విశేషణం చేర్చి, ఒక స్పేస్ తీసేసి కుప్పలుగా మార్పులు పంపారు. వాటిలో మన దేశపు విద్యార్థులవీ చాలానే ఉన్నాయి. జీతం లేకుండా ప్రాజెక్టులు చూసుకునేవాళ్లు ఆ చెత్త ఏరుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. ఒప్పుకున్న ప్రాజెక్టులకే ఇకపై లెక్క అని నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధన మార్చుకున్నారు. రెజ్యూమేలో ఒక లైను కోసం, ప్రొఫైల్లో పచ్చ గడి కోసం పంపే దిద్దుబాటును నేను వెనకేసుకు రాను.

మరి రెండింటికీ తేడా ఎట్లా తెలిసేది? నా దగ్గర ఒకే ప్రశ్న ఉంది: ఈ దిద్దుబాటు లేకపోతే చదివినవాడు ఏ తప్పు చేస్తాడు? జవాబు ఒక్క వాక్యంలో చెప్పగలిగితే పంపండి, ఆ వాక్యం కూడా జతచేసి పంపండి. "చూడ్డానికి బాగుంటుంది" అని తప్ప ఏమీ తోచకపోతే ఆపేయండి. బాష్‌ను 1989లో బ్రయాన్ ఫాక్స్ విడుదల చేశాడు. ఆ తర్వాత దశాబ్దాలుగా దాన్ని చూసుకుంటున్నది చెట్ రేమీ. అంత పని మీదున్న మనిషి సమయం మనం అడుగుతున్నప్పుడు ఆ ఒక్క వాక్యం మన బాధ్యత.

ఈ పని మన సాహితీ క్లబ్బుకే బాగా నప్పుతుంది. ప్రతి సంచికకూ ఒత్తులు, సున్నాలు వెతికి పట్టుకునే కళ్లు మనవి. సెమిస్టరులో ఒక సాయంత్రం, తలా ఒక మాన్యువల్ పేజీ తీసుకుందాం. సోర్సు పక్కన, అచ్చయిన రూపం పక్కన పెట్టి చదువుదాం. మ్యాన్‌డాక్‌లో ఉన్న లింట్‌తో ఒకసారి సరిచూద్దాం. బాష్‌కు తప్పు తెలియజేయడానికి బాష్‌బగ్ అనే కమాండ్ దాంతోపాటే వస్తుంది. పది పేజీలు చదివితే పంపదగ్గది ఒక్కటే దొరకొచ్చు. ఆ ఒక్కటి, ఎవరూ తోడులేక మ్యాన్ పేజీ తెరిచిన ఇంకో పల్లె పిల్లోడికి సరిగ్గా కనబడితే మన సాయంత్రం వృథా పోనట్టే.