పెళ్లయిన ఏళ్లు కాదు, కలిసున్న నెలలు లెక్కించాలి

ధర్మ విషయాలు అడిగి తెలుసుకోవడంలో బిడియపడనందుకు అన్సార్ మహిళలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. బహిష్టు గురించి, శుద్ధి స్నానం గురించి ఆ మహిళలు దైవప్రవక్త (స) వారినే అడిగేవారు. మరి మన ఇళ్లలో పరిస్థితి ఏమిటి? సంతానం కలగకపోతే తావీజు కడతాం, మొక్కులు మొక్కుతాం, కోడలిని నలుగురిలో నానా మాటలు అంటాం. అంతేగాని నెలలో గర్భం నిలిచే రోజులు ఏవో ఆ భార్యాభర్తలకు చెప్పేవారు ఒక్కరూ ఉండరు. ఈ శుక్రవారం ఆ విషయమే చెప్పదలిచాం. మేము వైద్యులం కాము, పాఠం చెప్పుకునేవాళ్లం. అయినా లెక్క తప్పితే సరిదిద్దడం పంతుళ్ల పనే కదా!

మా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయిది రాయచోటి ప్రాంతం. కువైట్‌లో డ్రైవరుగా పని చేస్తున్నాడు. ఆ మధ్య అతని తల్లి మా ఇంటికి వచ్చింది. "మౌల్వీసాబ్, నికాహ్ అయి ఆరేళ్లయింది. కోడలి కడుపు పండలేదు. వాడికి ఇంకో సంబంధం చూద్దామనుకుంటున్నాం, మీరేమంటారు?" అని అడిగింది. మేము ఏమీ అనలేదు. అబ్బాయి ఎన్నిసార్లు సెలవుపై వచ్చాడు, ఎన్ని రోజులు ఉన్నాడు అని మాత్రం అడిగాం. నికాహ్ అయ్యాక రెండు నెలలు ఉన్నాడు. తర్వాత రెండేళ్లకొకసారి నలభై రోజుల చొప్పున రెండుసార్లు వచ్చాడు. అరవై, నలభై, నలభై కలిపితే 140 రోజులు. అంటే ఆరేళ్ల దాంపత్యంలో ఆ జంట కలిసి ఉన్నది ఐదు నెలలు కూడా కాదు. అందులో గర్భం నిలవడానికి వీలున్న రోజులు మహా అయితే ముప్పై. ఈ ముప్పై రోజులను బట్టి ఒక ఆడబిడ్డకు "గొడ్రాలు" అనే పేరు పెట్టారు. ఇది అజ్ఞానం మాత్రమే కాదు, అన్యాయం కూడా.

ముప్పై రోజులు ఎలా అయ్యాయో వివరిస్తాం. 1920లలో జపాన్ వైద్యుడు ఒగినో, ఆస్ట్రియా వైద్యుడు క్నాస్ ఎవరికి వారుగా ఒక సంగతి కనిపెట్టారు. స్త్రీ శరీరంలో అండం విడుదలయ్యేది రాబోయే బహిష్టుకు సుమారు రెండు వారాల ముందు. విడుదలైన అండం బతికి ఉండేది ఒక్క రోజు లోపే. పురుష బీజం మాత్రం స్త్రీ గర్భంలో ఐదు రోజుల వరకు సజీవంగా ఉండగలదు. 1995లో అమెరికాలో 221 మంది మహిళలపై జరిపిన పరిశోధనలో తేలిందేమిటంటే, అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, ఈ ఆరు రోజుల్లో జరిగిన కలయిక వల్లనే గర్భం నిలిచింది. అండం విడుదలైన మర్నాటి నుంచి ప్రయత్నిస్తే ఆ నెల దాటిపోయినట్లే.

చాలామంది పద్నాలుగో రోజు అని ఒకటే లెక్క పట్టుకుంటారు. అది 28 రోజులకొకసారి బహిష్టు వచ్చే స్త్రీ లెక్క. 35 రోజులకు వచ్చే ఆమెకు అండం విడుదలయ్యేది ఇంచుమించు 21వ రోజున, 24 రోజులకు వచ్చే ఆమెకు 10వ రోజున. శరీరం ఒక గుర్తు కూడా చూపుతుంది. ఆ రోజులు దగ్గరపడగానే స్రావం పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా పలచగా, జారుడుగా, సాగేటట్లు ఉంటుంది. ఆ గుర్తు కనిపించిన రోజులే మంచి అదను. రోజూగాని, రోజు విడిచి రోజుగాని కలిస్తే చాలు. ఒక్క రోజు కోసం వారాల తరబడి దూరంగా ఉండాల్సిన పని లేదు.

ఈ లెక్క మన స్త్రీలకు కొత్తది కాదు. నమాజు కోసం, రంజాన్‌లో తప్పిన రోజాలు తీర్చుకోవడం కోసం వారు బహిష్టు తేదీలను ఎలాగూ గుర్తుంచుకుంటారు. ఆ తేదీలను నాలుగైదు నెలలు ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. బహిష్టు రోజుల్లో దాంపత్యానికి దూరంగా ఉండమని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 222వ ఆయత్ ఆదేశిస్తోంది. అందులో రెండో మాట లేదు. అయితే ధర్మం చెప్పని ఆలస్యాన్ని మనం చేర్చకూడదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం బహిష్టుకు తక్కువలో తక్కువ మూడు రోజులు, ఎక్కువలో ఎక్కువ పది రోజులు. ఒకామెకు ఎప్పటి అలవాటు ప్రకారం ఐదో రోజున రక్తం ఆగిపోతే గుస్ల్ చేసి నమాజు చదవాలి. దాంపత్యమూ ధర్మసమ్మతమే. కొన్ని ఇళ్లలో పెద్దవాళ్ల మాట మీద ఏడు రోజులో, పది రోజులో ఆగుతారు. 24 రోజుల లెక్క గల స్త్రీకి ఆ ఆగిన రోజులే గర్భం నిలిచే రోజులు! నమాజూ పోయింది, అదనూ పోయింది. అలాగే రంజాన్ నెలంతా దూరంగా ఉండాలనుకునేవారు ఉన్నారు. రాత్రివేళ దాంపత్యానికి అనుమతి ఉందని అదే సూరా 187వ ఆయత్ స్పష్టం చేస్తోంది.

ఇక గల్ఫ్ సోదరులకు ఒక మాట. టికెట్టు తీసుకునే ముందు భార్యను తేదీ అడగండి. 28 రోజుల లెక్క గల ఇల్లాలికి గుస్ల్ అయ్యే రోజుల్లో మీరు ఇంటికి చేరితే, నలభై రోజుల సెలవులో ఆ ఆరు రోజుల అదను రెండుసార్లు దొరుకుతుంది. అండం విడుదలైన తర్వాత దిగితే ఒక్కసారే. పది రోజుల తేడాలో అవకాశం సగమైపోతుంది. బంగారం ధర ఎప్పుడు తగ్గుతుందో చూసి కొనే మనం ఈ లెక్క చూడలేమా?

లెక్క సరిగ్గా ఉన్నా ప్రతి నెలా గర్భం నిలవదు. క్రమం తప్పకుండా కలిసి ఉండే ఆరోగ్యవంతులైన జంటల్లో నూటికి ఎనభైకి పైగా జంటలకు ఏడాది లోపు గర్భం నిలుస్తుంది. అందుకే కలిసి ఉన్న కాలం పన్నెండు నెలలు నిండినా ఫలితం లేకపోతే పరీక్షలు చేయించుకోమంటారు వైద్యులు. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. బహిష్టు క్రమం తప్పి వచ్చేవారు తేదీలు లెక్కిస్తూ కూర్చోక ముందే లేడీ డాక్టరుకు చూపించుకోవాలి. గల్ఫ్ జంటలు పన్నెండు నెలలు నిండే వరకు పదేళ్లు ఆగనక్కర లేదు, ఈ సెలవులోనే ఇద్దరూ వెళ్లడం మేలు. ఇద్దరూ అన్నాం, గమనించండి. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో లోపం పురుషుని వైపున కూడా ఉంటుంది. అతనికి చేసే వీర్య పరీక్ష సులభం, ఖర్చు కూడా తక్కువ. అయినా భార్యను పది ఆస్పత్రులు తిప్పి, మగవాడు ఒక్క పరీక్షకు ఒప్పుకోని ఇళ్లు మాకు తెలుసు. మగతనానికీ ఆ పరీక్షకూ సంబంధం లేదు. గుట్కా, సిగరెట్టు మానడం కూడా అతని వంతే.

ఇంత చేసినా ఇచ్చేవాడు అల్లాహ్. కొందరికి కుమార్తెలను, కొందరికి కుమారులను, కొందరికి ఇద్దరినీ ఇవ్వడం, కొందరికి ఇవ్వకపోవడం ఆయన ఇష్టమని షూరా సూరా తెలుపుతోంది. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి)కి సంతానం లేదు. ఆమె గౌరవానికి వచ్చిన లోటేమిటి? ఆమె నుంచి ధర్మం నేర్చుకున్న సముదాయం మనది. అలాంటప్పుడు పిల్లలు లేని కోడలిని చిన్నచూపు చూసే హక్కు మన ఇళ్లకు ఎక్కడిది?

ఆ తల్లి మేము వేసిన లెక్క చాలాసేపు విని, కాగితం మడిచి కొంగున ముడి వేసుకుని వెళ్లింది. రెండో సంబంధం మాట ప్రస్తుతానికి ఆగింది. అబ్బాయి టికెట్టు తేదీ మార్చుకున్నాడట. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. సంతానం కోసం ఎదురుచూస్తున్న ప్రతి ఇంటికీ అల్లాహ్ సంతాన భాగ్యం ప్రసాదించుగాక, ఎదురుచూసినంత కాలం ఆ ఇంటి ఇల్లాలిని నిందించని మనసును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.