నూటికి పది

దేశమునకు చమురు కావలెను, వాయువు కావలెను, కాదనువారెవరు? మా యింటి పొయ్యియు దానితోనే వెలుగుచున్నది. కాని దేశావసరమను మాట వినబడినంతనే కోనసీమ రైతు నోరు మూసికొనవలెననుట ఏ ధర్మమని మేమడుగుచున్నాము. యానాములో నుండి గోదావరి కావలిగట్టును చూచుచు బ్రదుకుచున్న మాకు, రాష్ట్రము వేరైనను, ఆ గోడు పరాయిది కాదు.

1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి బావి బ్రద్దలై 65 దినములు మండినది. 2014 జూన్ 27వ తేదీన తెల్లవారుచుండగా నగరం గ్రామములో గొట్టము పగిలి, ఇరువదిమందికి పైగా ప్రాణములు గోలుపోయిరి. పొడివాయువునకై వేసిన గొట్టములో తడివాయువును పంపగా ఇనుము తుప్పుపట్టినదని పిదప తేలినది. ప్రమాదములు ఎచటనైన జరుగునని కొందరందురు. సరే, ప్రమాదము జరుగని దినముల మాటయే చూతము.

గొట్టములు వేయుటకు 1962లో ఒక చట్టము చేసిరి. (మా యానాము శాసనరీత్యా భారతదేశమున చేరినదియు ఆ యేడే.) దాని ప్రకారము నేల రైతుదే; కాని గొట్టము పోవుచోట అతడు ఇల్లు కట్టరాదు, నూయి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. చెట్టు నాటరాని నేల కోనసీమలో దేనికి? వేయునపుడు కలిగిన నష్టమునకు వేరుగా ఇత్తురు. ఆ హక్కునకు మాత్రము నేల వెలలో నూటికి పది, అదియు ఒక్కసారి. జీవితమంతయు దస్తావేజుల నడుమ గడపిన మాకు, శిస్తు కట్టువాడొకడు అనుభవించువాడొకడు అగు ఇట్టి పట్టా మరియొకటి కానరాలేదు.

2015లో గనుల చట్టమును సవరించి, గనులున్న జిల్లాలకు ఖనిజనిధి నేర్పరచిరి. ఒడిశాలో ఇనుపరాతి గనుల చెంత స్థిరపడిన మనవారు దీనిని ఎఱుగుదురు. కాని ఆ చట్టములో ఖనిజమనగా ఖనిజతైలములు తప్ప తక్కినవి. బొగ్గునకు దొరకిన న్యాయము చమురునకు లేదు! రెండును భూగర్భమునుండి తీసినవే గదా.

ఇక బెస్తవారి సంగతి. వేట చెడినందులకు 2022లో ముమ్మిడివరము వైపున 23 వేలకు పైగా కుటుంబములకు పరిహారము ముట్టినది, సంతోషమే. యానాము మత్స్యకారులును ఆ నీటిలోనే వల వేయుదురు. పరిహారమునకై వీరు మాత్రము వీధికెక్కవలసివచ్చినది. ఏటినడుమ సరిహద్దు రాయి ఎచట పాతిరో చేపలకు ఎవరు చెప్పిరి?

నూటికి పదికి బదులు ఏటేట కౌలు చెల్లింపవలెను. ఖనిజనిధి చమురునకును వర్తింపవలెను. ప్రతి గొట్టము వయస్సును, పరీక్షించిన తేదీని గ్రామచావడిలో తెలుగున వ్రాసి పెట్టవలెను. మన సంఘములు ప్రతియేట తీర్మానములు చేయుచునే యున్నవి. అందు హెచ్చుపాలు సన్మానములకు, శాలువలకు సంబంధించినవి. ఈ యేడు ఒక్క తీర్మానము దీనికై చేసి ఢిల్లీకి పంపుదురేని, ముసాయిదా వ్రాసి యిచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము.