క్యూబా వాడి పాత్రకి క్యూబా వాడు పనికిరాడా?

అమెరికాలో సీబీఎస్ టెలివిజన్ పెద్దలు లూసిల్ బాల్‌తో హాస్య ధారావాహిక తీయాలనుకున్నప్పుడు ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. భర్త పాత్రని తన భర్త డెసీ ఆర్నాజ్‌కే ఇవ్వాలంది. వాళ్ళు ఒప్పుకోలేదు. అమెరికన్ స్త్రీకి యాసతో మాట్లాడే క్యూబా మొగుడంటే జనం నమ్మరన్నారు. వాళ్ళిద్దరికీ అప్పటికి పెళ్ళయి పదేళ్ళు! చివరికి 1950లో ఆ దంపతులు ఊరూరా తిరిగి స్టేజీ మీద ఆడి చూపించాల్సి వచ్చింది. 1951 అక్టోబరులో 'ఐ లవ్ లూసీ' మొదలైంది. 1957 దాకా నడిచింది.

వీళ్ళ మీద ఆరన్ సోర్కిన్ 2021లో 'బీయింగ్ ద రికార్డోస్' సినిమా తీశాడు. డెసీ కోసం లూసీ పట్టుబట్టిన ఘట్టం అందులో ఉంది కూడా. మరి డెసీగా వేసిందెవరు? స్పెయిన్ నటుడు హావియెర్ బార్డెమ్. క్యూబా వాడు కావాలని ఒక స్త్రీ చేసిన పోరాటాన్ని గొప్పగా చూపిస్తూనే, ఆ పాత్రని క్యూబా వాడికి ఇవ్వలేదు. దీన్ని ప్రశ్నిస్తే, స్పానిష్‌తనం, క్యూబాతనం నటించగలిగే గుణాలు కావని సోర్కిన్ వాదించాడు. డెసీ కూతురు లూసీ ఆర్నాజ్ కూడా ఈ ఎంపికని సమర్థించింది. కానీ కుటుంబం సమ్మతించినంత మాత్రాన ఒక జాతి ప్రజల ప్రశ్న తీరిపోతుందా?

స్పెయిన్, క్యూబాలది ఒకే భాష కదా అంటారు. 1898 దాకా క్యూబాని ఏలింది స్పెయినే. 1984లో 'ఎ పాసేజ్ టు ఇండియా'లో మన బ్రాహ్మణ ప్రొఫెసర్ గోడ్బోలేగా ఇంగ్లండు నటుడు ఆలెక్ గిన్నెస్‌ని చూసినవాళ్ళకి ఇందులో ఇబ్బంది ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

యాస ఉన్నవాళ్ళనే ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారని బార్డెమ్ ఎదురడిగాడు. న్యాయమైన మాటే. లూసీగా వేసిన నికోల్ కిడ్మన్ ఆస్ట్రేలియాలో పెరిగిన నటి, ఆ సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. అయితే తెల్ల అమెరికన్ నటికి ఈ పాత్ర పోతే ఇంకో పాత్ర దొరుకుతుంది. హాలీవుడ్‌లో క్యూబా మూలాలున్న నటుడికి నాయక పాత్ర ఎన్నాళ్ళకొకసారి వస్తుంది? ఇది కళకి సంబంధించిన చర్చ మాత్రమే కాదు, కూటికి సంబంధించినది కూడా.

క్యూబా అన్నా అందరూ ఒకటి కాదనుకోండి. డెసీ సంపన్న తెల్ల కుటుంబం వాడు, తండ్రి సాంటియాగో నగర మేయరు. అతనికి పేరు తెచ్చిన 'బబాలూ' పాట ఆఫ్రికన్ బానిసల వారసులు కొలిచే దేవుడి గురించినది. దాన్ని కట్టింది మార్గరీటా లెకువోనా అనే స్త్రీ. నల్లవాళ్ళ దేవుడు పాటలోకొచ్చాడు గానీ, నల్లవాళ్ళు 'ఐ లవ్ లూసీ' ఇంట్లోకి దాదాపు రాలేదు.

ఈ గొడవలో మరుగున పడింది స్త్రీల సంగతి. 1952లో లూసీ గర్భవతి అయితే ఆ మాట టీవీలో పలకడానికి వీల్లేదన్నారు. ఒక కాథలిక్ ఫాదరీ, ఒక ప్రొటెస్టెంట్ పాస్టరు, ఒక యూదు రబ్బీ కూర్చుని స్క్రిప్టులు చదివి మంచీచెడ్డా తేల్చారు. గర్భం ఆమెది, తీర్పు ముగ్గురు మగవాళ్ళది! ఇంతా చేసి 1953 జనవరి 19న కాన్పు భాగాన్ని 4 కోట్లమందికి పైగా చూశారు. ఎథెల్‌గా వేసిన వివియన్ వాన్స్‌కి తనకన్నా 22 ఏళ్ళు పెద్దవాణ్ణి మొగుడిగా అంటగట్టారు. ఆమె బాధనీ, రచయిత్రి మాడెలిన్ ప్యూ కోపాన్నీ సినిమా కొంత పట్టించుకుంది, కాదనను. పట్టించుకుని ఎక్కడికి తీసుకెళ్ళింది?

1936లో కమ్యూనిస్టు ఓటరుగా పేరు నమోదు చేసుకున్నందుకు 1953లో లూసీని విచారించారు. సినిమాలో ఆమెని గట్టెక్కించేది ఎవరనుకున్నారు? ఎఫ్‌బీఐ అధిపతి జె. ఎడ్గార్ హూవర్! డెసీ ఫోన్ చేయగానే ఆయన ప్రేక్షకుల ముందు ఆమె నిర్దోషి అని చెప్తాడు. ఈ ఫోను కల్పితం. అసలు జరిగింది, డెసీ తనే ప్రేక్షకుల ముందు నిలబడి భార్య తరఫున మాట్లాడటం. ఎందరినో కమ్యూనిస్టులని వెంటాడినవాణ్ణి రక్షకుడిగా చూపించడానికి సోర్కిన్‌కి చేతులెలా వచ్చాయో!

1960లో వాళ్ళు విడాకులు తీసుకున్నారు. 1962లో లూసీ డెసీలూ స్టూడియోలో అతని వాటా కొని తనే నడిపింది. 'స్టార్ ట్రెక్' ఆ స్టూడియోలోనే పుట్టింది. మొగుడు తిరుగుబోతా కాదా అన్న ప్రశ్న చుట్టూ రెండు గంటలు తిరిగిన కథ, ఆమె యజమాని కుర్చీలో కూర్చున్న ఆ ఏళ్ళ దాకా రానేలేదు.