సెలవుల్లేని బడి

పిక్నిక్ అయినా, పుట్టినరోజు పార్టీ అయినా, "మీ పిల్లలు ఏ స్కూలండీ?" అన్న ప్రశ్న మాకు తప్పదు. "ఇంట్లోనే చదువుకుంటున్నారండీ" అంటాను. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత రెండు ప్రశ్నలు. "అది లీగలేనా?" "మరి సమ్మర్‌లో ఏం చేస్తారు?"

మొదటిదానికి జవాబు తేలిక. మేముండే టెక్సస్‌లో హోమ్‌స్కూల్‌ని ప్రైవేటు స్కూలు కిందే లెక్కేస్తారు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. ఇక రెండోది.

డాలస్ ఎండ సంగతి మీకు తెలియంది కాదు. జూన్ రాగానే మా ఆవిడ టైంటేబుల్ మార్చేస్తుంది. 6 గంటలకల్లా పిల్లలు పెరట్లో ఉండాలి. బెండకీ గోంగూరకీ నీళ్ళు పెట్టాలి, కోసిన బెండకాయలు తూచి నోట్‌బుక్‌లో రాయాలి. (గోంగూరకి ఈ ఎండంటే ఎంత ఇష్టమో! వీసా గొడవ లేకుండా సెటిలైపోయింది.) ఆ తర్వాత లెక్కలు, ఇంగ్లీషు, అరగంట తెలుగు. మావాడికి 'ల', 'ళ' ఇంకా ఒకటే.

కిందటి జూలైలో మా అమ్మాయి పేషియో పక్కన ఓ కర్ర పాతింది. పావుగంటకోసారి నీడ చివర సుద్దముక్కతో గీత గీసింది.

"నాన్నా, నీడ 12 గంటలకి కదా పొట్టిగా ఉండాలి? ఒకటిన్నరకి ఉందేంటి?"

నాకు తట్టలేదు. ఎమ్మెస్ చేసినవాణ్ణి, తెలియదంటే బాగుండదని, "కర్ర వంకరగా ఉందేమో చూడమ్మా" అన్నాను.

లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని రెండ్రోజుల్లో తనే తేల్చింది. వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతాం కదా, అది ఒక గంట. మన సెంట్రల్ టైమేమో 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశాన్ని బట్టి పెట్టింది. డాలస్ ఉన్నది దాదాపు 97 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇంకో 28 నిమిషాలు.

"కర్ర తిన్నగానే ఉంది నాన్నా" అంది.

పొద్దున్నే చదువు ముగించేది ఎండకి భయపడి మాత్రమే అనుకోకండి. వేసవిలోనే వీధిలో పిల్లలందరూ ఖాళీ. మధ్యాహ్నం నుంచి మా కాలింగ్ బెల్ మోగుతూనే ఉంటుంది. హాలంతా చెప్పులు, ఫ్రీజర్‌లో ఐస్‌లు మాయం. మిగతా నెలల్లో మా వీధి పగలంతా ఖాళీ. నేను సోమవారం విమానమెక్కి గురువారం దిగే కన్సల్టెంట్‌ని. ఆ ఖాళీ నాకు కనబడేది కాదు.

కిందటి ఆగస్టులో స్కూళ్ళు తెరిచిన రోజు ఇంట్లోనే ఉన్నాను. పసుపు బస్సు మా మలుపులో ఆగింది. మా అమ్మాయి వాకిట్లో పూలకుండీకి నీళ్ళు పోస్తోంది. బస్సు కనుమరుగయ్యేదాకా అటే చూస్తూ నిలబడింది. కుండీ నిండి నీళ్ళు కిందకి పారుతున్నాయి. తను ఏమీ అడగలేదు. ఆ రాత్రి నేనూ మా ఆవిడా చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఈ ఏడు జూన్‌లోనే మేమే అడిగేశాం, "స్కూల్‌కి వెళ్తావా తల్లీ?" అని.

"ఆగస్టు దాకా టైముంది కదా, ఆలోచించి చెప్తా" అంది.

ఇంతలో బెల్ మోగింది. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.